ఆరు ముద్రల మనిషి

ఫిలిప్పీన్స్ కొండల మీది బాగియోలో పొగమంచు దిగితే ఎదురుగా ఉన్న పైన్ చెట్టు కూడా కనపడదు గాని, ఇంగ్లీషు అకాడమీ హాల్లో గోడకి తగిలించిన పట్టిక మాత్రం ఏ వేళప్పుడైనా కనిపిస్తుంది. దాని కోసమే ఒక లైటు పెట్టించాడు డైరెక్టర్ నామ్. ఇంగ్లీషు సొంత భాష కాని దేశాలన్నీ అందులో పైనుంచి కిందికి వరసగా ఉన్నాయి, ఎవరికెంత ఇంగ్లీషు వచ్చో ఆ ప్రకారం. ఫిలిప్పీన్స్ బాగా పైన. కొరియా చాలా మెట్లు కింద. జపాన్ ఇంకా కింద, దాదాపు మన మోకాళ్ళ దగ్గర. ఇంగ్లీషు పుట్టిన దేశాలు ఆ పట్టికలో లేవు. పరీక్ష పెట్టేవాడు పరీక్ష రాయడు కదా.

రుఫీనా లిన్‌గావన్ పదకొండేళ్ళుగా ప్రతి ఉదయం ఆ పట్టిక ముందు ఒక్క క్షణం ఆగి గాని లోపలికి వెళ్ళదు. దేవుడికి దండం పెట్టుకుంటోందని తోటి టీచర్లు వెక్కిరిస్తారు. ఆవిడ పట్టించుకోదు. కొండల్లో, బెసావ్‌లో, మళ్ళ గట్ల మీద గంటసేపు నడిచి బడికి పోయిన పిల్ల ఆవిడ. కొరియా వాళ్ళకి కార్లున్నాయి, ఓడలున్నాయి, ఊరికో రైలుంది. ఈ ఒక్కటి లేదు. దాని కోసం విమానమెక్కి తన దగ్గరికి రావాలి. ఆ సంగతి తలుచుకుంటే జీప్నీ వ్యానులో ఇరుక్కుని వచ్చిన నడుంనొప్పి కాస్త తగ్గినట్టుండేది. శుక్రవారాలు ఉచ్చారణ చెప్పడానికి వచ్చే ఆస్ట్రేలియా పెద్దాయన ఒకప్పుడు లారీ డ్రైవరనీ, ఆయన జీతం తన జీతానికి మూడింతలనీ తలుచుకుంటే మళ్ళీ పట్టుకునేది. అది వేరే సంగతి.

ఈ అకాడమీ పద్ధతి కఠినమైన పద్ధతి. వచ్చినవాళ్ళు పన్నెండు వారాలు లోపలే తిని, లోపలే పడుకోవాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫోన్లు ఆఫీసులో డబ్బాలో ఉంటాయి, గేటుకి తాళం ఉంటుంది. ఇంగ్లీషు తప్ప మరో భాష నోట్లోంచి రాకూడదు. వస్తే మెళ్ళో వేలాడే పసుపు కార్డు మీద టీచరు ఎర్ర ముద్ర వేస్తుంది. క్లాసు ఎగ్గొట్టినా ముద్రే. కార్డులో ఏడు గళ్ళున్నాయి. ఏడో గడి నిండితే పెట్టె సర్దుకోవాలి, ఎందుకు పంపించేశామో రాసిన ఉత్తరం వాళ్ళని ఇక్కడ చేర్పించిన కంపెనీకో ఇంటికో వెళుతుంది. శనివారం ఉదయం గేటు తీస్తారు. అప్పుడు ఎవరి భాషలో వాళ్ళు ఎంతసేపైనా ఏడవొచ్చు.

బాంగ్ గిసొప్ కార్డు మీద ఆరు ముద్రలున్నాయి.

ఆయనకి యాభై నాలుగేళ్ళు. కొరియాలో, చాంగ్‌వన్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ల మీద ముప్పై ఏళ్ళు పనిచేశాడు. కంపెనీ పోలండ్‌లో కొత్త ఫ్యాక్టరీ పెడుతోంది. అక్కడివాళ్ళకి పని నేర్పించాలి. ఆ దేశం వాళ్ళదీ ఇంగ్లీషు కాదు, ఈయనదీ కాదు, అయినా ఇద్దరూ మాట్లాడుకోవాల్సింది ఇంగ్లీషులోనే. పన్నెండు వారాలు పూర్తిచేసి, మాట్లాడే పరీక్షలో గట్టెక్కితే పోలండ్. లేకపోతే, ఇంకా ఆరేళ్ళ సర్వీసుండగానే, పూలదండ వేసి ఇంటికి పంపిస్తారు. కూతురు ఇంకా చదువుకుంటోంది. ఇదంతా ఆయన మొదటి వారమంతా చేతులతో, బొమ్మలతో రుఫీనాకి చెప్పుకున్నాడు. అకాడమీలో చేరినవాళ్ళందరికీ ఇంగ్లీషు పేరు పెట్టే ఆచారం ఒకటుంది. చేరిన రోజు ఆఫీసులో ఉన్న అమ్మాయి ఈయనకి జస్టిన్ అని పెట్టింది. ఆ పేరుతో పిలిస్తే మొదటి నెలంతా ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవరినో పిలుస్తున్నారనుకుని.

రోజుకి నాలుగు గంటలు పదిహేడో నంబరు గదిలో ఆయనా రుఫీనా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. గది అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, అద్దం తలుపు. ఆయన చేతివేళ్ళు రెండు సగం దాకానే ఉండేవి, మిషను తీసుకుంది. ఆ వేళ్ళతోనే పెన్సిలు పట్టుకుని చిన్నపిల్లాడిలా రాసేవాడు. టీచరు లోపలికొస్తే లేచి నిలబడి వంగి దండం పెట్టేవాడు. తన కన్నా తొమ్మిదేళ్ళు పెద్దవాడు అలా వంగుతుంటే రుఫీనాకి మొదట సిగ్గేసింది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత బాగుందనిపించింది.

ఆరో ముద్ర వేసింది రుఫీనాయే.

సోమవారం మధ్యాహ్నం, భోజనాల హాలు. వేడి చారు గిన్నె ఆయన చేతిలోంచి జారి తొడ మీద పడింది. "అయిగో" అన్నాడు. మనం అయ్యో అన్నట్టే అది. హాల్లో నలభై మంది చూశారు. రుఫీనా పక్క బల్ల దగ్గరే ఉంది. అందరూ చూస్తుండగా వదిలేస్తే రేపు ఇంకెవరి కార్డు మీదా వెయ్యడం కుదరదు. ముద్ర తీసి వేసింది. ఆయన తడిసిన ప్యాంటుతో నిలబడి కార్డు ముందుకి చాపి పట్టుకున్నాడు, ఆవిడకి తేలికగా ఉండాలని.

"చారు పడితే ఏమనాలంటారు అక్కా మీరు?" అన్నాడు డెక్స్‌టర్, సాయంత్రం టీచర్ల గదిలో. కుర్రాడు, నోటి దురుసు. "అబ్బా, నా తొడ కాలినది, దయచేసి మంచు గడ్డ ఇవ్వగలరా అనాలా?"

"అలా అంటేనే వస్తుంది. నాకలాగే వచ్చింది."

"రాత్రి నిద్రలో గురక కూడా కొరియన్‌లోనే పెడుతున్నాడంట మీ జస్టిన్ గారు. ఆయన పక్క మంచం వాడు చెప్పాడు. ఏడోది కూడా గుద్దెయ్యండి, ఓ పనైపోద్ది."

"నువ్వు నోర్మూసుకో."

కానీ రుఫీనా ఆ మాట ఊరికే అనలేదు. నిజంగానే ఆవిడకి అలాగే వచ్చింది. బెసావ్ బళ్ళో సొంత భాష మాట్లాడిన పిల్లల మెళ్ళో ఒక చెక్క పలక కట్టేవాళ్ళు. ఇంకొకరు దొరికేదాకా దాన్ని మోయాలి. ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి ఆవిడ చెయ్యి మీద కందిరీగ కుట్టింది. "అనాయ్" అంది, వాళ్ళ భాషలో అబ్బా అన్నట్టు. ఆ పలక నాలుగు రోజులు మోసింది, ఎందుకంటే ఆ నాలుగు రోజులూ క్లాసులో ఒక్క పిల్లా నోరు విప్పలేదు. అయిదో రోజు తన చెల్లెల్నే పట్టించి దాన్ని వదిలించుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. పలక వల్లనే తనకి భాష వచ్చిందని, భాష వల్లనే తాను మళ్ళలో నడుం వంచలేదని మాత్రం ధాటిగా చెబుతుంది. నిన్నటి కోడలే నేటి అత్త అని ఊరికే అన్నారా. వాతలు పడ్డవాళ్ళు వాతలు మంచివనే అంటారు, లేకపోతే తమ ఒంటి మీద ఉన్నవాటిని ఏం చేసుకోవాలి?

అయినా ఏడో ముద్ర పడకూడదని ఆవిడకీ ఉంది. ఆ మాట నిజం. మంగళవారం క్లాసులో కార్డు ఆయన చేతిలోంచి తీసుకుని, ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపించింది.

"ఇది నింపకండి. ఇంకా నాలుగు వారాలే. అనుమానమొస్తే అసలు మాట్లాడకండి. తెలిసిందా?"

"తెలిసింది టీచర్," అన్నాడాయన. "అనుమానం... మాట లేదు."

ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. బుధవారమంతా గది బయట ఆయన గొంతు ఎవరూ వినలేదు.

అకాడమీలో ఇంకొక పద్ధతి డైరీ. రాత్రి చదువు గంటలో ప్రతివాళ్ళూ ఒక పేజీ ఇంగ్లీషులో రాసి, పొద్దున ఏడు లోపల తమ టీచరు పెట్టెలో వెయ్యాలి. ఎనిమిదింటికి ఎర్ర దిద్దుబాట్లతో అది తిరిగి చేతికి రావాలి. రుఫీనా పెట్టెలో పద్నాలుగు డైరీలు. గంట కూడా లేదు, అందులోనే బ్రెడ్డు ముక్క నమలాలి, కాఫీ తాగాలి. మొదటి ఏడాది ఆవిడ వాటిని చదివేది. అందులో ఉన్న ప్రేమలకీ, దిగుళ్ళకీ ఆవిడకీ కళ్ళు తడిసేవి. తర్వాత చదవడం మానేసింది, దిద్దడం మిగిలింది. రాళ్ళు ఏరే చేతికి బియ్యం కనపడవు. కన్ను తప్పు మీద వాలుతుంది, కలం గీస్తుంది, కన్ను ఇంకో తప్పు మీదికి దూకుతుంది. కింద ఒక మంచి మాట రాయాలి, అది అకాడమీ నియమం.

గురువారం పొద్దున జస్టిన్ గారి డైరీ పదకొండోది. తెరవగానే ఆకుపచ్చ చీటీ ఒకటి జారి కింద పడింది. క్లాసు వేళలో బయటికి వెళ్ళాలంటే మొదటి గంట టీచరు సంతకం పెట్టాల్సిన చీటీ అది. మందపాటి కాగితం కదా, పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకోవడం అందరికీ అలవాటే. తీసి మళ్ళీ లోపల పెట్టింది. పేజీ నిండా ఎప్పటికన్నా ఎక్కువ రాశాడు. తప్పులూ ఎక్కువే. పదిహేను చోట్ల గీసింది.

"ఇంకా ఎన్ని?" అన్నాడు డెక్స్‌టర్.

"మూడు."

కింద రాసింది: చాలా బాగుంది! ఇలాగే ఇంకా ఎక్కువ రాయండి. పక్కన నవ్వే మొహం గీసి పన్నెండోది అందుకుంది.

ఎనిమిదింటికి పదిహేడో గదిలో ఆయన లేచి నిలబడి వంగాడు. ఈసారి లేవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది. రుఫీనా డైరీ ఇచ్చింది. ఆయన ఆ పేజీ తెరిచి ఎర్ర గీతలన్నీ వరసగా చూసుకుంటూ కిందికొచ్చి, చివరి మాట దగ్గర చాలాసేపు ఆగాడు. చీటీ తీసి రెండు వైపులా తిప్పి చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చూశారా, నేను రాసింది?" అంది రుఫీనా.

"చూశాను టీచర్. థాంక్యూ."

మొహం పాలిపోయి ఉంది. నుదుటి మీద చెమట. బాగియోలో డిసెంబరు పొద్దున ఎవరికీ చెమట పట్టదు.

"ఎలా ఉన్నారు?"

"నేను బాగున్నాను, థాంక్యూ. మీరు?" అన్నాడు. ఆ వాక్యం కొరియాలో బడికి వెళ్ళిన ప్రతి మనిషికీ వచ్చు. ఆ ఒక్క వాక్యం తప్పుల్లేకుండా వచ్చు.

ఆ రోజు మాట్లాడాల్సిన విషయం 'మీ సొంత ఊరు'. ఆయన ఊరి గురించి చెప్పాడు. సముద్రం ఉంది. చిన్న పడవ. నాన్న చేప. నేను చిన్న, పడవలో నిద్ర. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. మాటల కోసం వెతుక్కుంటున్నాడనుకుంది ఆవిడ. ఎప్పుడూ వెతుక్కునేవాడే కదా. మధ్యలో ఒకసారి ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకుని నోరు తెరిచాడు, ఏదో మాట సగం బయటికొచ్చింది, అది ఇంగ్లీషు కాదు. వెంటనే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇద్దరి కళ్ళూ ఒకేసారి ఆయన మెళ్ళో కార్డు మీదికి పోయాయి.

"పర్లేదు, నేను వినలేదు," అంది రుఫీనా, నవ్వుతూ. తానేదో మేలు చేశాననే అనుకుంది.

ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ తర్వాత బల్ల మీదికి ఒరిగి, బల్లతో పాటు కిందికి జారిపోయాడు.

కింద పడ్డాక ఆయన నోరు ఆగలేదు. రెండు నెలలుగా మూటకట్టుకున్నదంతా విప్పినట్టు గబగబా మాట్లాడాడు, అంతా కొరియన్‌లో. రుఫీనా మోకాళ్ళ మీద కూర్చుని ఆయన తల పట్టుకుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క గదిలోంచి క్లోయీ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ కొరియా పిల్ల, అసలు పేరు హాన్ సెరోమ్. ఆ పిల్లకి ప్రతి మాటా అర్థమవుతోందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"టీచర్," అంది ఇంగ్లీషులో. "నేను కొరియన్‌లో మాట్లాడొచ్చా?"

రుఫీనా వెంటనే తలూపింది. వెంటనే ఊపానని తర్వాత ఎన్నిసార్లు తనకి తాను చెప్పుకుందో. కానీ ఆ పిల్ల వచ్చి కూర్చుని ఆయన చెవి దగ్గర మొదటి మాట అనేసరికి ఆయన మాట్లాడటం ఆపేశాడు.

అంబులెన్సు గేటు దాకా వచ్చింది. తాళంచెవి ఉన్నవాడు బజారుకి వెళ్ళాడు. వాడొచ్చేసరికి తొందర అవసరం లేకుండా పోయింది.

మధ్యాహ్నం డైరెక్టర్ నామ్ రుఫీనాని గదిలోకి పిలిచాడు. వాడిపోయిన మొహంతో ఉన్నాడు. ఆయనా చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు.

"ఆయన భార్య ఎల్లుండి వస్తున్నారు. కార్డు నా దగ్గరుంది. డైరీ కూడా తెచ్చివ్వండి. ఇలాంటివి చూస్తే వాళ్ళకి ఇంకా బాధ."

"తెస్తాను సార్."

తేవడానికే వెళ్ళింది. పదిహేడో గదిలో బల్ల తిన్నగా నిలబెట్టి ఉంది. డైరీ కుర్చీ మీద ఉంది. రుఫీనా కూర్చుని చివరి పేజీ తెరిచింది, ఈసారి చదివింది. ఆయన ఇంగ్లీషు ఎంత వంకరగా ఉన్నా విషయం అద్దంలా ఉంది.

*ఇవాళ మూడో రోజు. మెట్లెక్కితే గుండె మీద ఎవరో కూర్చుంటారు. ఎడమ చెయ్యి నిద్రపోతుంది. మా నాన్న ఇలాగే పోయారు, అందుకని నాకు భయం. ఆఫీసులో చెప్పాలి, కాని ఆఫీసు అమ్మాయి వేగంగా మాట్లాడుతుంది, నా మాట రాదు. కొరియన్ వస్తే ఏడు. ఏడు అయితే నా కుటుంబానికి కష్టం. శనివారం చాలా దూరం. టీచర్ చెప్పారు, అనుమానం ఉంటే మాట్లాడవద్దు. అందుకని రాస్తున్నాను. టీచర్ రోజూ నా డైరీ చదువుతారు. దయచేసి చీటీ మీద సంతకం పెట్టండి, నేను డాక్టర్ దగ్గరికి వెళతాను. ఇబ్బంది పెడుతున్నాను, క్షమించండి.*

దాని మీద పదిహేను ఎర్ర గీతలు. దాని కింద నవ్వే మొహం.

ఆయన అడిగాడు. అర్థమయ్యేలా అడిగాడు. తాను జవాబు కూడా ఇచ్చింది. టీచరు చదివి, అవసరం లేదని తేల్చిందనుకున్నాడు. రెండోసారి అడగలేదు. టీచర్ని రెండోసారి అడగడం ఆయన పుట్టిన చోట మర్యాద కాదు. అందుకే థాంక్యూ అన్నాడు.

డైరీ డైరెక్టర్‌కి ఇవ్వలేదు. సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. శుక్రవారం నామ్ రెండుసార్లు అడిగితే దొరకలేదంది.

శనివారం గేటు తీశారు. గిసొప్ భార్య, తమ్ముడు వచ్చారు. నామ్, ఆ తమ్ముడు కలిసి కాగితాల పని మీద ఊళ్ళోకి వెళ్ళారు. భార్య మాత్రం వెళ్ళలేదు. ఆయన చివరగా కూర్చున్న చోటు చూడాలని అడిగిందట. క్లోయీ ఆవిడ చెయ్యి పట్టుకుని పదిహేడో గదికి తీసుకొచ్చింది. పొట్టి మనిషి, నల్ల కోటు, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. రుఫీనాని చూడగానే, టీచరని ఎవరో చెప్పినట్టుంది, నడుం దాకా వంగింది. అచ్చం ఆయనలాగే.

రుఫీనా సంచిలోంచి డైరీ తీసి రెండు చేతులతో ఇచ్చింది.

ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఒక్కో పేజీ తిప్పుతూ ఆయన అక్షరాలని వేలితో తడిమింది. చివరి పేజీ క్లోయీకి చూపించి ఏదో అంది. క్లోయీ చదవడం మొదలుపెట్టింది, చదివిన ప్రతి వాక్యాన్నీ కొరియన్‌లో చెబుతూ వచ్చింది. చీటీ మాట వచ్చిన చోట ఆగి రుఫీనా వైపు చూసింది, ఆ తర్వాతది పొట్టిగా చెప్పి ముగించింది. ఆ గదిలో మాటలు అర్థం కానిది ఇప్పుడు రుఫీనా ఒక్కర్తికే. పట్టికలో అంత పైన ఉన్న మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటివాళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంది.

భార్య ఏడుపు ఆపుకుని, ఎర్ర గీతల మీద వేలు పెట్టి ఏదో అడిగింది. క్లోయీ నేల చూపులు చూసింది.

"ఏమంటోంది?" అంది రుఫీనా.

"ఈ ఎరుపు మీరు రాసిందేనా అని అడుగుతున్నారు టీచర్."

"అవును."

క్లోయీ చెప్పింది. భార్య లేచి నిలబడి మళ్ళీ వంగింది, ఈసారి ఇంకా కిందికి. చాలాసేపు లేవలేదు. వంగే ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

"ఈ వయసులో ఆయన రాసిన ప్రతి మాటా ఇంత శ్రద్ధగా చదివిన మనిషి ఒకరైనా ఇక్కడున్నారు, అది చాలు అంటున్నారు. మీకు రుణపడి ఉంటామంటున్నారు."

రుఫీనాకి వచ్చిన ఇంగ్లీషంతా ఎక్కడికి పోయిందో. బల్ల అంచు పట్టుకుని లేచింది.

"నేను చదవలేదని చెప్పు," అంది. "దిద్దాను అంతే. చదవలేదు. అది చెప్పు ఆవిడకి."

క్లోయీ రుఫీనా మొహంలోకి చూసింది, వంగి ఉన్న మనిషిని చూసింది. తర్వాత కొరియన్‌లో నాలుగైదు మాటలు చెప్పింది, మెల్లగా, తడబడకుండా. భార్య నిటారుగా నిలబడి, రుఫీనా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కింది. డైరీ కోటు లోపల పెట్టుకుని వెళ్ళిపోయింది.

"ఏం చెప్పావు?" అని రుఫీనా అడిగింది, వాళ్ళు గుమ్మం దాటుతుంటే.

క్లోయీ వెనక్కి తిరిగి కొరియన్‌లోనే ఏదో అంది. శనివారం కదా, ఎవరూ అభ్యంతరం పెట్టడానికి లేదు.